నల్లకనుమ గడికూడు

తూర్పుకొండల అంచున సూర్యుడు పసుపుముద్దలా పైకి లేచే వేళకు ఇద్దరు బాటసారులు నల్లకనుమ మొదటి మలుపు తిరిగారు. ముందు నడుస్తున్నవాడు ఉప్పు కావడి మోస్తున్న యువకుడు. ముతక పంచె, మాసిన తలపాగా. చూసినవారెవరూ అతడు సువర్ణగిరి యువరాజు శూరకేతుడని అనుకోరు. వెనుక, నెత్తిన కొత్త కుండ, చంకలో గింజల మూట పెట్టుకుని, చేతికర్ర ఆనించుకుంటూ వస్తున్నది మాచమ్మ. ఆమెకు అరవై ఏడేళ్ళు. రెండు రోజుల నడక దూరంలో ఉన్న కొండదిగువ పల్లెలో ఒంటరిగా బతుకుతున్న మనిషి.

నల్లకనుమ చూడడానికే గుండె కావాలి. ఇరువైపులా ఆకాశాన్ని చీల్చుకుపోయే నల్లరాతి గోడలు. వాటి పగుళ్ళలో ఏనుగు చెవులంత తేనెపట్టులు. రాతిలోనే వేరూనుకుని నిప్పుకణికల్లా పూసిన మోదుగులు. అడుగున పాలనురుగులాంటి మంచు. నడుమ ఒక్క బండి పట్టేంత దారి. ఆ దారి చివర, రెండు కొండల గొంతు కలిసే చోట ఉంది గడి. పూర్వం సువర్ణగిరి రాజులు సరిహద్దు కాపలాకు కట్టించిన చిన్నకోట అది.

గడికి అవతలి లోయలో మాంత్రికుడు భస్మకంఠుడి నివాసం. శూరకేతుడి చెల్లెలు హేమలేఖను వాడు ఎత్తుకుపోయి ఇరవై రోజులైంది. వచ్చే అమావాస్యకు ఆమెను బలి ఇచ్చి చావులేనివాడు కావాలని వాడి పన్నాగం. అమావాస్య ఇంకా నాలుగు రోజులే ఉంది. లోయలోకి మరో దారి లేదు. గడిని కాస్తున్న పన్నెండుమంది ఎవరినీ పోనివ్వరు.

వాళ్ళు శత్రువులు కారు, సువర్ణగిరి సైనికులే. నలభై రెండేళ్ళ కిందట భస్మకంఠుడు వాళ్ళ మీద విచిత్రమైన ప్రయోగం చేశాడు. వాళ్ళ ఆకలిని లాగేసుకున్నాడు. దానితోపాటు నిద్ర పోయింది, వయసు పోయింది, ఇల్లూ వాకిలీ జ్ఞాపకం లేకుండా పోయాయి. కాపలా ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి చెక్కుచెదరని యవ్వనంతో, ఎవరి కోసం కాస్తున్నారో తెలియకుండానే ఆ వాకిలి కాస్తున్నారు. హేమలేఖ కోసం వెళ్ళిన రెండు దళాలు సొంత రాజ్యపు ఈటెలకే కూలిపోయాయి.

మూడో దళాన్ని చావుకు నడిపించడం శూరకేతుడికి ఇష్టం లేకపోయింది. కొండగుహలోని సిద్ధుడొకడు అతనికి ఉపాయం చెప్పాడు. "వాళ్ళ ఆకలికి తెలిసిన వాసన ఒక్కటే, రాజకుమారా. ఈ గడిలో వాళ్ళు రోజూ తిన్న గడికూడు. దాన్ని సరిగ్గా వండి ముందు పెట్టు. పోయిన ఆకలి వెతుక్కుంటూ వస్తుంది."

సిద్ధుడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాట వింటే రాదేమోనని శూరకేతుడు మాచమ్మతో అనలేదు. గడికూడు వండడం తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. గడి దళవాయి బైరినాయకుడు ఆమె భర్త.

"ఆ రాయి కదులుతా ఉంది, నాయనా!"

మాచమ్మ కేక పూర్తికాకముందే దారి అంచు కుంగింది. పైనుంచి గుండ్లు దొర్లసాగాయి. శూరకేతుడు కావడి విసిరేసి, ఒక్క గెంతులో వెనక్కు వచ్చి, ముసలమ్మను నడుం పట్టి బండచాటుకు లాగాడు. ఏనుగంత బండ వాళ్ళ ముందునుంచి గర్జిస్తూ లోయలోకి పోయింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే కావడి లేదు, ఉప్పు బస్తాలు లేవు. మాచమ్మ మాత్రం కుండను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని కూర్చుని ఉంది.

"నీ సరుకంతా పోయిందే," అంది ఆమె.

"పోతే పోయిందిలే, అవ్వా."

"ఉప్పు అమ్ముకునేవాడు ఆ మాట అనడు." ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నీ భుజాన కావడి కాయ లేదు. అరచేతిలో కత్తిపిడి కాయ ఉండాది. మొదటిరోజే కనిపెట్టినా. రాజుగారి కొడుకువు కదూ?"

శూరకేతుడు తల దించుకున్నాడు. "అవును. ఆయుధంతో వచ్చిన వాడిని వాళ్ళు చంపుతారు. అందుకే ఈ వేషం."

"వేషం సంగతి నాకెందుకు? గొయ్యి తవ్వడం వచ్చునా నీకు? అది చెప్పు."

గడికి కూతవేటు దూరంలో, మోదుగుల నీడలో ఆమె చోటు చూపించింది. శూరకేతుడు నడుముకు దోపుకున్న చిన్న గునపంతో మోకాటిలోతు గొయ్యి తవ్వి, అడుగున గుండ్రాళ్ళు పేర్చాడు. కనుమలో మంచు విడకముందే ఎండుతుమ్మ కట్టెలతో ఆ రాళ్ళను ఎర్రగా కాల్చి, నిప్పు తీసేయమంది ఆమె.

"మూడు రాళ్ళ పొయ్యి పెడితే తొందరగా ఉడుకుతుంది కదా, అవ్వా?"

"పొయ్యి పెడితే పొద్దంతా పొగ లేస్తది. పొగ చూసి అవతలివాడు ఇక్కడ ఎందరున్నారో లెక్కగడతాడు. అందుకని గడివాళ్ళు పొగ కనబడని మంచులోనే రాళ్ళు కాల్చుకుని, కుండ పూడ్చిపెట్టి, కాపలాకు పోయేవాళ్ళు. తిరిగొచ్చేసరికి భూమే వండిపెట్టేది."

ఆమె దోరగా వేయించి తెచ్చిన ఉలవలను చదునురాతి మీద పోసి, ఒక్కొక్క గింజా రెండుగా బద్దలయ్యేట్టు నలగ్గొట్టింది. పిండి కాకూడదట. జొన్నరవ్వలో నాలుగో వంతు సజ్జరవ్వ కలిపింది.

"సజ్జ ఎందుకు?"

"ఆ కాలపు కొండజొన్న ఇప్పుడు యాడుంది? పెద్ద కరువులో విత్తనంతో సహా పోయింది. అది గరుకుగా, కాస్త వగరుగా ఉండేది. ఇప్పటి తెల్లజొన్న తియ్యన. సజ్జ కలిపితే ఆ గరుకు కొంతైనా వస్తది. పన్నెండేళ్ళు పట్టింది నాకు ఈ పాళ్ళు తెలుసుకోడానికి."

నానబెట్టిన ఎండుమాంసాన్ని చీలికలు చేసింది. పూర్వం కొండగొర్రె మాంసం వేసేవారు. ఇప్పుడు ఆమె తన ఒక్కగానొక్క మేకపోతును కోసి, ఎండబెట్టి తెచ్చింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. మూటలో మేకమెడ గంట చూసి శూరకేతుడే గ్రహించాడు. నలిపిన మిరియాలు, పొట్టుతో దంచిన వెల్లుల్లి, కొంగుముడి విప్పి తీసిన చిటికెడు ఉప్పు, చివరన రెండు గుప్పిళ్ళ ఎండు చింతచిగురు. రెండు వేళ్ళ ఎత్తు పైకి నిలిచేట్టు నీళ్ళు పోసి, మూతపెట్టి, అంచుల చుట్టూ తడిపిన జొన్నపిండి మెత్తి, వేడిరాళ్ళ నడుమ దించి, మోదుగాకులు పరిచి మట్టి కప్పింది.

ఎండ నెత్తిమీదికి వచ్చి పడమటికి జారేదాకా ఆమె కదల్లేదు. శూరకేతుడు మాత్రం పదిసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

సాయంకాలం వాళ్ళు కుండతో గడివాకిట నిలబడ్డారు. ఇనుపగుబ్బల తలుపుల ముందు పన్నెండుమంది బారులు తీరి ఉన్నారు. కవచాలు తుప్పుపట్టి పొరలుగా రాలుతున్నాయి. వాటి వెనుక ఉన్న ముఖాలు మాత్రం నిన్న పెళ్ళిపీటల మీదినుంచి లేచినట్టు నవనవలాడుతున్నాయి. కళ్ళలో మాత్రం ఎండిన చెలమలాంటి శూన్యం. మధ్యలో ఆజానుబాహువు, కోరమీసం, పాతికేళ్ళ వయసువాడు.

మాచమ్మ అడుగు తడబడింది. శూరకేతుడు మోచేయి అందించాడు గాని ఆమె పట్టుకోలేదు.

"ఆగవ్వా," అన్నాడు బైరినాయకుడు. "ఇటు దారి లేదు."

మాచమ్మ కుండ దించి మూత తీసింది. ఆవిరి లేచింది. పన్నెండు ముక్కుపుటాలు ఒక్కసారి అదిరాయి. ఎవడో ఈటె కిందికి వంచాడు. బైరినాయకుడి నుదుట ఒక ముడత పడింది. ఏదో పేరు గుర్తుకు రాబోతున్నట్టు పెదవి కదిలింది.

అంతే. ముడత విడిపోయింది. చూపు మళ్ళీ శూన్యమైంది.

"మీ చేతిలో ఆయుధం లేదు గనక వదులుతున్నాం. పొద్దు వాలేలోగా కొండ దిగండి."

ఈటెలు ముందుకు వంగాయి. ఇద్దరూ వెనక్కు నడిచారు.

మోదుగుల కింద కూర్చున్నాక మాచమ్మ ఆకుల్లో ఇద్దరికీ కూడు పెట్టింది. పడమటి వెలుగు రాళ్ళ మీద కుంకుమ చల్లినట్టు ఉంది. మిగిలిన గింజలు ఇంకొక్క కుండకే సరిపోతాయి.

"రుచి బాగానే ఉంది, అవ్వా," అన్నాడు శూరకేతుడు ఒక ముద్ద నోట పెట్టుకుని. "పుల్లగా, కమ్మగా. మీకు ఇది ఎవరు నేర్పారు?"

"నేర్పేదెవరు? గడిలోకి ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. నెలకొకసారి ఆయన ఇంటికొచ్చేవాడు. వచ్చేటప్పుడు తన పాలు కూడు తినకుండా మోదుగాకు దొప్పలో కట్టుకొచ్చేవాడు. రుచి చూడవే అని. ఆ రుచి నాలిక మీద పెట్టుకుని వండుకుంటా వచ్చినా."

"చల్లారిపోయి ఉండేదేమో."

"రెండు రోజుల నడక, నాయనా. వేడి యాడుంటది? ఎండాకాలమైతే..." మాచమ్మ ఆగిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎండాకాలమైతే పులిసి ఉండేది."

ఆమె తల తిప్పి కనుమంతా కలయజూసింది. "ఈ రాళ్ళలో ఒక్క చింతచెట్టు చూసినావా నువ్వు?"

"లేదు."

"నేనూ చూడలా. లేని చెట్టు చిగురు వీళ్ళు ఎట్లా వేస్తారు? ఆ పులుపు దారిలో పులిసిన పులుపే." ఆమె చేతిలోని ముద్దను చూసింది. "నలభై రెండేళ్ళు నేను వండింది ఆయన నాకు తెచ్చిన కూడు. ఆయన తిన్న కూడు నేనెన్నడూ తినలేదు."

శూరకేతుడికి ఇక ఆ మాట దాచాలనిపించలేదు. "అవ్వా, సిద్ధుడు ఇంకో సంగతి చెప్పాడు. ఆకలి తిరిగొస్తే, పోయిన నలభై రెండేళ్ళూ ఒక్కసారిగా వాళ్ళ మీద పడతాయట. నిమిషంలో ముసలివాళ్ళవుతారట."

మాచమ్మ అతన్ని తేరిపార చూసింది. "ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"చెప్పకూడదనే అనుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్పినావు?"

"ఈసారి కూడు సరిగ్గా వస్తుందని నమ్మకం కుదిరింది కనుక."

ఆమె ముద్దను ఆకులో పెట్టి చేయి తుడుచుకుంది. "ఆయన్ను అడిగే పెడతా. వద్దంటే కుండ ఎత్తుకుని పోతా. నీ చెల్లెలి కోసం నువ్వు వేరే దారి చూసుకోవాల్సిందే."

వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. హేమలేఖ ముఖం శూరకేతుడి కళ్ళముందు కదిలింది. అయినా అతడు తల ఊపాడు.

మరునాడు మంచులోనే రెండోసారి కుండ పూడ్చారు. ఈసారి చింతచిగురు లేదు. మాంసపు కొవ్వు కాస్త ఎక్కువ వేసింది, అంతే.

పొద్దు నడినెత్తికి వస్తుండగా ఆకాశంలో ఒక నల్లని నీడ తిరగసాగింది. రాబందు. మెడమీద మనిషి తల. భస్మకంఠుడి వేగు అది. లోయ అంచు వెంట వంకరలు తిరుగుతూ పొగకోసం వెతికింది. పొగ ఎక్కడా లేదు. దాటిపోతున్నదిలే అనుకునేలోగా, కొత్తగా తవ్విన ఎర్రమట్టి దాని కంటబడింది. రెక్కలు ముడిచి బాణంలా దిగింది.

శూరకేతుడు గొయ్యికి అడ్డం దూకాడు. ఇనుపకొక్కేల వంటి గోళ్ళు అతని వీపు చీల్చాయి. "గడికూడు వండుతున్నారా?" అని ఆ మనిషినోరు పకపక నవ్వింది. "నా ఏలికకు ఎంత మంచి కబురు!" అది పైకి లేవబోతుండగా శూరకేతుడు తలపాగా విప్పి, గొయ్యి పక్కకు తీసేసిన నిప్పుల్లో మిగిలిన వేడిరాతిని అందులో చుట్టి, వడిసెలలా గిరగిర తిప్పి వదిలాడు. రాయి దాని కంటికి తగిలింది. రాబందు కొండలు మారుమోగేలా కేక పెట్టి, ఒరుగుతూ, తడబడుతూ లోయవైపు ఎగిరిపోయింది.

"చావలేదు," అన్నాడు శూరకేతుడు రొప్పుతూ. "ఇక వాడికి తెలిసిపోతుంది. కుండ తీద్దాం, అవ్వా!"

"ఉలవ ఉడకలా."

"వాడి సేన వచ్చేస్తుంది!"

"రానీ. ఉడకని కూడు పెట్టి చెడగొడితే మళ్ళీ వండడానికి గింజ లేదు మనకాడ. కూర్చో." ఆమె ఆకులు నలిపి, ఆ పసరు అతని వీపుకు రాయసాగింది. అంత భారంగా గడిచిన సమయం శూరకేతుడి జీవితంలో మరొకటి లేదు. అవతల లోయలో ఎక్కడో నగారా మోగింది. మాచమ్మ మట్టిమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చుంది. చివరకు చెయ్యి తీసి, "ఊఁ, తవ్వు," అంది.

ఈసారి గడివాకిట మూత తీయగానే వచ్చిన వాసన వేరు. కాలిన మట్టి, వేగిన ఉలవ, కరిగిన కొవ్వు. ఈటె ఒకటి ఠంగున నేల రాలింది. బైరినాయకుడి కడుపులోంచి ఏదో గుర్రుమంది. అతడు భయంగా పొట్టమీద చేయి వేసుకున్నాడు.

"ఏమిటిది, అవ్వా?"

"ఆకలి."

"నొప్పిగా ఉంది."

"ఉంటది. ఇది తింటే పోతది. కాని విను. తింటే నీకు నలభై రెండేళ్ళ వయసు ఒక్క గుక్కలో వచ్చి పడతది. ఈ మీసం తెల్లబడతది. ఈ మోకాళ్ళకు నొప్పులు పుడతాయి. తినకపోతే ఎప్పటికీ ఇట్లాగే ఉంటావు. నీ ఇష్టం. నేను బలవంతం చేయను."

లోయలో నగారా దగ్గరపడింది. శూరకేతుడు నోరు తెరవబోయి ఆగాడు. అది తన మాట చెల్లే చోటు కాదు.

బైరినాయకుడు తన పదకొండుమందినీ చూశాడు. తలుపులను చూశాడు. "నేను ఈ వాకిలి ఎవరి కోసం కాస్తున్నాను?"

"నేను చెబితే నువ్వు నమ్మవు," అంది మాచమ్మ మెల్లగా.

అతడు ఈటెను గోడకు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, కుండలో చేయి పెట్టాడు. ముద్ద నోట పెట్టుకున్నాడు. నమిలాడు. జుట్టు కుదుళ్ళనుంచి తెలుపు మంచులా పాకింది. బుగ్గలు లోతుకు పోయాయి, చేతి నరాలు తేలాయి. వీపు కొద్దిగా వంగింది. ఆ ముసలి ముఖంలో, ఎండిన చెలమలో నీరు ఊరినట్టు, చూపు ఊరింది.

అతడు ఆమెవైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"ఉప్పు తగ్గిందే, మాచీ," అన్నాడు.

మాచమ్మకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "ఉప్పంతా ఈ రాజుగారి కొడుకు లోయలో పోసినాడు!"

పదకొండుమందీ కుండ చుట్టూ చేరారు. ఒకరి తరువాత ఒకరి తల తెల్లబడింది. ఒకడు అమ్మా అని అరిచాడు. ఇంకొకడు ఇంట్లో వదిలివచ్చిన చంటిబిడ్డ పేరు తలచుకుని కూలబడ్డాడు. ఆ బిడ్డకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయని లెక్కవేసుకుంటుంటే శూరకేతుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ దుఃఖాన్ని తెచ్చింది తనే. తేకపోయినా తప్పు అయ్యేదేమో. అంతకుమించి ఆలోచించే వ్యవధి లేకపోయింది. లోయదారిలో దుమ్ము లేచింది.

"ఎన్ని గుర్రాలు?" అన్నాడు బైరినాయకుడు. అది దళవాయి గొంతు.

"రెండు వందలు ఉంటాయి," అన్నాడు బురుజెక్కిన ముసలి సైనికుడు.

శూరకేతుడు తన పేరు, వచ్చిన పని చెప్పి, ఒక ఈటె ఇమ్మన్నాడు. "నేనూ మీతో నిలబడతాను."

"నిలబడితే మీ చెల్లెలిగారిని ఎవరు తెస్తారు, దొరా? ఇది పన్నెండుమందికి సరిపోయే వాకిలి." బైరినాయకుడు అతన్ని గడి పక్కనున్న పగులు దగ్గరకు తీసుకుపోయి కిందికి చూపాడు. "మేకదారి. మాకు తప్ప తెలియదు. వాడి సేనంతా ఇటు వస్తుంటే మీరు అటు దిగుతారు. వాడి కోట ఇప్పుడు ఖాళీ. త్వరపడండి."

శూరకేతుడు మాచమ్మ పాదాలు తాకాడు. "మీరు కనుమ దిగిపోండి, అవ్వా."

"ఆడవాళ్ళను గడిలోకి రానివ్వరని చెప్పినా కదా?" ఆమె భర్తవైపు చూసింది. బైరినాయకుడు తలుపు రెక్క పట్టుకుని ఆమెకు దారి ఇచ్చాడు. ఆమె ఖాళీ కుండ చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

శూరకేతుడు పగుల్లోకి దిగాడు. మేకదారి అంటే దారి కాదు, బెత్తెడు అంచు. కింద పాతాళం. పొట్ట రాతికి ఆనించి, వేళ్ళతో తడుముకుంటూ జరుగుతున్నాడు. సగం దూరంలో ఉండగా పైదారిలో గుర్రాల డెక్కలు ఉరిమాయి. గులకరాళ్ళు జలజల అతని తలమీద రాలాయి. ఒక్కడు కిందికి తొంగిచూసినా పని అయిపోయినట్టే. అతడు రాతిలో రాయిలా అతుక్కుపోయాడు.

సేన దాటిపోయింది. తరువాత పైన గడి తలుపులు మూసుకున్న చప్పుడు, ఈటెలు డాళ్ళను తాకిన చప్పుడు, పన్నెండు ముసలి గొంతులు ఒక్కటై వేసిన రణకేక. అందులో పదమూడో గొంతు కూడా ఉన్నట్టు అతనికి వినిపించింది.

శూరకేతుడి కాళ్ళు వాటంతట అవే వెనక్కు తిరగబోయాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి, దూరాన పొగమంచు చీలి, బూడిదరంగు కోట బయటపడింది. దాని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన కిటికీలో సన్నని దీపం వెలుగుతోంది.

అతడు ఎడమకాలు దించి, కింది అంచును తడిమి, బరువు మోపాడు. అంచు నిలిచింది. తరువాత కుడికాలు దించాడు.